సమస్యాపూరణం (ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూర్తి చేయడం): "చచ్చి పోయిన తాతయ్య చవులు మెచ్చె"

నిర్వాహకుడు (కడప):
పెద్దల అమావాస్య నాడు మిద్దె మీద విస్తరి పెట్టి, కాకి కోసం ఎదురుచూస్తూ నిలబడినప్పుడు ఈ పాదం నాకు తనంత తానే తట్టింది. ఏ దేశపు పండుగనైనా తీసుకోవచ్చును గాని, ఆ ఆచారం అక్కడ నిజంగా ఉన్నదై ఉండాలి. కలలో కనిపించాడని చెప్పి తప్పుకొనే పూరణలు ఇదివరకే చాలా వచ్చాయి కనుక ఈసారి వాటిని స్వీకరించను.

హంద్రీతీరం (కర్నూలు):
దోస గుఱ్ఱమ్ము నెక్కి తా దూకి వచ్చి
మరలగా వంగ గోవును మలచి యుంచ
మనుమ లెత్తిన దీపాల మధ్య జేరి
చచ్చి పోయిన తాతయ్య చవులు మెచ్చె

ఇది జపాను వారి ఓబోన్. ఎక్కువ ప్రాంతాల్లో ఆగస్టు నడుమ, టోక్యో వంటి కొన్నిచోట్ల జులైలో జరుపుకొంటారు. దోసకాయకు పుల్లలు గుచ్చి గుఱ్ఱంగానూ, వంకాయకు గుచ్చి ఆవుగానూ నిలబెడతారు.

గండికోట (జమ్మలమడుగు):
హంద్రీతీరం గారూ, పెద్దలు గుఱ్ఱమెక్కి త్వరగా ఇంటికి రావాలి, ఆవునెక్కి నిదానంగా వెళ్లాలి అన్న ఆ ఇంటివారి కోరిక మొత్తం రెండు కూరగాయలలో ఇమిడి ఉన్నది. దానిని మీరు రెండు పాదాలలోకి తెచ్చిన తీరు నాకు ఎంతో నచ్చింది. "దూకి" అన్న మాట యతి కోసం వచ్చినట్టు కాక ఆ తొందరను చూపడానికే వచ్చినట్టున్నది. ఒక్కటే లోటు: "మలచి యుంచ" అన్నప్పుడు ఎవరు మలిచారో మూడవ పాదం దాకా తెలియదు.

హగరి (ఉరవకొండ):
బంతి పూవుల దారిని పట్టి వచ్చి
మెక్సికో దేశమున నింట మెరయు పటము
చెంత రొట్టెలు నుప్పును జెంబు నీళ్లు
చచ్చి పోయిన తాతయ్య చవులు మెచ్చె

నవంబరు 1న పిల్లల ఆత్మలు, 2న పెద్దల ఆత్మలు ఇంటికి వస్తాయని అక్కడివారి నమ్మకం. ఆ పండుగ పేరు దియా దె ముయెర్తోస్. పటం ముందు పరిచే ఆ అరుగును ఒఫ్రెండా అంటారు.

గండికోట:
హగరి అన్నగారి మొదటి పాదం ఈ వరుసలో వచ్చిన పాదాలన్నిటిలోనూ అందమైనది. కాని మూడవ పాదం చివర "నీళ్లు" దిక్కులేక నిలబడిపోయింది. రొట్టెలు, ఉప్పు, నీళ్లు, ఆ తరువాత ఏమి? క్రియ లేదు. "చెంత రొట్టెలు నుప్పును చేరి తినుచు" అంటే అన్వయం కుదురుతుంది, యతీ నిలుస్తుంది. గతంలో "పండుగ దినమందు బాదికొనిరి" అన్న సమస్యకు స్పెయిను వారు టమోటాలు విసురుకొనే పండుగతో పూరించినప్పుడు కూడా అన్నగారు వస్తువులను పేర్చి క్రియను మరిచిపోయారు. అంతేకాదు, పత్తికొండ సంతలో ధర రాక రైతులు టమోటాలను రోడ్డు మీద పారబోయడం చూసిన కళ్లతో ఆ పండుగను మెచ్చుకోవడం నాకు అప్పుడూ కష్టమైంది, ఇప్పుడూ కష్టమే.

హగరి:
గండికోట గారు పాత సంగతి ఎత్తారు కనుక ముందు దానికే బదులు చెబుతాను. బున్యోల్ అనే ఊరిలో 1945లో మొదలై, ఏటా ఆగస్టు చివరి బుధవారం జరిగే ఆ పండుగలో, దెబ్బ తగలకుండా కాయను నలిపిన తరువాతే విసరాలన్న నియమం ఉన్నది. మన ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు వీరభద్రుని పక్షం, కాళికాదేవి పక్షం పిడకలు విసురుకొనేటప్పుడు అటువంటి నియమమేదీ లేదు, అయినా గాయపడినవారు గుడి విభూతి పూసుకొని వెనక్కు వస్తారు. ఈ రెండింటినీ ఒకే పద్యంలో పక్కపక్కన నిలపాలన్నదే ఆ పాత పూరణలో నా ప్రయత్నం. రైతు కడుపుకోత నాకు తెలియనిది కాదు, మాదీ టమోటా వేసే ఇల్లే.

ఇక నీళ్ల సంగతి. క్రియ లేదన్న మాట ఒప్పుకొంటాను, తప్పు నాదే. కాని మీరు చూపిన సవరణలో చెంబు నీళ్లు పోయాయి. చాలా దూరం నడిచి వచ్చిన ఆత్మకు మొదట వేసేది ఆకలి కాదు, దాహం అని తలచి మెక్సికో వారు ఆ నీళ్లు పెడతారు. బోరు వేసిన ప్రతిసారీ రాయి తగిలే నేల మీద పుట్టిన నేను, ఉప్పునైనా రొట్టెనైనా వదులుకొంటాను గాని ఆ నీళ్లను వదులుకోలేను.

పెన్న (తాడిపత్రి):
కాకి రూపాన మిద్దెపై గాలు మోపి
మహలయపు నాడు కోడలు మడిని బెట్టు
గారె పాయస మోళిగల్ కడుపు నిండ
చచ్చి పోయిన తాతయ్య చవులు మెచ్చె

ఇంతమంది సముద్రాలు దాటి వెళ్లారు కనుక నేను ఇంటి మిద్దె మీదనే ఆగాను. హగరి అన్నగారి బంతిపూలను చూసినప్పుడు ఒక మాట చెప్పాలనిపించింది: మనం దసరాకు గడపకు కట్టే ఆ బంతి పుట్టినిల్లు మెక్సికోనే. ఆ పూవు అక్కడ చనిపోయినవారికి దారి చూపుతుంది, ఇక్కడ దేవుడికి తోరణమవుతుంది.

గండికోట:
పెన్నమ్మగారూ, "మిద్దెపై గాలు మోపి" అన్నచోట కాకి గోళ్ల చప్పుడు వినిపించింది. కాని "మహాలయ"లో దీర్ఘాన్ని ఛందస్సు కోసం కోయడం న్యాయం కాదు. ఒక్క మాత్ర కోసం పితృపక్షం పేరునే కురచ చేయకూడదు.

పెన్న:
అంగీకరిస్తున్నాను. అయితే మా అవ్వ ఏనాడూ మహాలయ అనలేదు, "మాలయ పచ్చాలు" అనే అనేది. "మాలయపు నాడు కోడలు మడిని బెట్టు" అని మార్చాను. గణమూ యతీ రెండూ నిలిచాయి. అవ్వ మాటను పెట్టడానికి మొదట సంకోచించినందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

పాలకొండ (కడప):
పొరుగు బీబమ్మ రంజాను బొద్దు పంపు
పాల సేమ్యాను ఖర్జూర ఫలము గలియ
తినగ, బదినాళ్ల జరముతో దిమిరి నోరు
చచ్చి పోయిన తాతయ్య చవులు మెచ్చె

హంద్రీతీరం:
ఇది అద్భుతమైన విరుపు. నోరు చచ్చిపోవడం అన్న ఇంటి మాటను పాదాంతంలో తెంచి, సమస్యకు ఆవలి గట్టున అతికించారు. ఫారసీలో షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం కనుక, షీర్ ఖుర్మా అన్న పేరు పలకకుండానే రెండవ పాదంలో దాని అర్థమంతా తెలుగులో వచ్చేసింది. అయినా నాకు ఒక సందేహం: తాతయ్య బతికే ఉంటే సమస్యలోని బరువు ఎక్కడికి పోయింది? మేమంతా పోయినవారిని ఇంటికి పిలిచాము, మీరు ఉన్నవారితోనే సరిపెట్టారు.

పాలకొండ:
ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లింలు కాయాకర్పూరాలతో వచ్చి, బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా, స్వామిని అల్లుడిగా తలచి మొక్కుకొని వెళ్లడం చిన్ననాటి నుంచి చూస్తున్నాను. ఆ రాకపోకలే నాకు పండుగ. పోయినవారిని పిలిచే పద్యం మీరందరూ నాకన్న బాగా రాశారు. జ్వరం పడి లేచిన మా నాయనకు పక్కింటి గిన్నె ఎలా రుచించిందో నేను కళ్లారా చూశాను గనుక అదే రాశాను.

నిర్వాహకుడు:
సమస్యను తప్పించుకోవడం వేరు, విరిచి చూపడం వేరు. పాలకొండ గారిది రెండవది కనుక స్వీకరించాను. "జరము" నిఘంటువులకు ఎక్కిన రూపమే, దాని మీద చర్చ అక్కరలేదు.

గండికోట:
హగరి అన్నగారి కోసం రాత్రంతా ఆలోచించి మరొక పాదం కట్టాను: "చెంబు నీరును నుప్పును జెంత నుండ". పటంతో అన్వయం కుదిరింది, నీరు ముందుకు వచ్చింది. రొట్టె పోయింది, దానిని నిలపడం నా చేత కాలేదు.

హగరి:
రొట్టె "చవులు" అన్న మాటలోనే ఉన్నది గండికోట గారూ. ఈ పాదాన్ని మీ పేరు చెప్పి నా పద్యంలో చేర్చుకొంటున్నాను.