ర్యాంకులొచ్చినా లోకజ్ఞానం లేనివాళ్లను తెలివైనవాళ్లనొచ్చా?

లెక్కలమాస్టారు:
తప్పకుండా అనొచ్చు. రెండూ వేరు. బ్యాటు, బంతి కలిపి 110 రూపాయలు. బంతి కన్నా బ్యాటు 100 ఎక్కువ. బంతి ఎంత? అమెరికాలో షేన్ ఫ్రెడరిక్ అనే పరిశోధకుడు డాలర్లలో ఇదే ప్రశ్న అడిగితే, పేరున్న యూనివర్సిటీల పిల్లలు కూడా చాలామంది తప్పు చెప్పారు. ఆ పరిశోధన 2005లో వచ్చింది. 10 అని నోటికొచ్చేస్తుంది, జవాబు 5. తెలివి లేక కాదు, ఒక్క క్షణం ఆగకపోవడం వల్ల.

సంతబజారు:
మాస్టారూ, అది లెక్క. లోకజ్ఞానం ఎలా అవుతుంది? కొట్లో ధర అలా ఎవరూ చెప్పరు. బ్రెజిల్‌లోని రెసీఫేలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద 1985లో ఒక అధ్యయనం వచ్చింది. బేరం దగ్గర 98 శాతం లెక్కలు సరిగ్గా చేశారు. అలాంటి లెక్కలే వట్టి అంకెలుగా అడిగితే 37 శాతమే. ఆ పిల్లలకు తెలివి ఉన్నట్టా, లేనట్టా?

లెక్కలమాస్టారు:
చూసింది ఐదుగురినే. ఐదుగురితో ఏం తేలుతుంది?

వానచినుకు:
మాస్టారు చెప్పిందే కరెక్ట్.

సంతబజారు:
ఐదుగురన్న మాటే పట్టుకున్నారు! మా నాన్న పది తప్పారు. బ్యాంకులో ఫారం నింపలేకపోతే కౌంటర్లో ఆయన అందరి ముందూ "బుర్ర లేదా" అన్నాడు. కూలీల లెక్కంతా నాన్న నోటితోనే చెప్పేవారు.

గోరింటాకు:
నన్నడిగితే, ఎవరిని అంటున్నారో చూడాలి. పెళ్లైన కొత్తలో పాలు పొంగాయని "ఎమ్మెస్సీ చదివావు, ఇంగితం లేదా" అన్నారు. స్టవ్ పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్న మా ఆయన్ని ఒక్కమాట అనలేదు. ఆయన కూడా బాగా చదువుకున్నవారే.

లెక్కలమాస్టారు:
వంటింటి గొడవలు ఇక్కడెందుకమ్మా?

గోరింటాకు:
అక్కడే కదండీ ఈ మాట రోజూ వినపడేది! ఎవరూ నేర్పని పని రాకపోతే అది నా బుర్ర లోపమా?

సంతబజారు:
మాస్టారూ, అసలు మీకెందుకింత కోపం?

లెక్కలమాస్టారు:
చెబుతాను. మావాడికి మంచి ర్యాంకొచ్చింది. ఒంటరిగా బస్సెక్కి ఊరికి రాలేకపోయాడని మొన్న పెళ్లిలో చుట్టాలంతా నవ్వారు. వాడి తెలివంతా బస్సు దగ్గర తేలిపోయిందా?

సంతబజారు:
పోలేదండీ. మా నాన్నది ఫారం దగ్గర పోలేదు, మీవాడిది బస్సు దగ్గర పోలేదు. కానీ ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో పెట్టి, గేటు దాటనివ్వకుండా చదివించింది ఎవరు? బస్సెక్కడం వాడెక్కడ నేర్చుకోవాలి?

లెక్కలమాస్టారు:
హాస్టల్లో పెట్టకపోతే ఆ ర్యాంకు వచ్చేదా?