కీమో తర్వాత తిమ్మిరెక్కిన వేళ్లతో కలంకారీ కలం పట్టేదెలా?

కీమో అయ్యాక వేళ్ల కొసలు మొద్దుబారినవాళ్లు శ్రీకాళహస్తి పద్ధతిలో గీయాలంటే చిక్కంతా కలం దగ్గరే. వెదురుపుల్లకు చుట్టి దారంతో కట్టిన ఉన్నిని నొక్కితేనే కసిమి అనే నల్లరంగు దిగుతుంది; ఎంత నొక్కుతున్నామో తెలియకపోతే గీత మధ్యలో బొట్టు పడుతుంది. కరక్కాయ, గేదెపాలు పట్టించిన బట్ట మీద ఆ నలుపు ఇక చెరగదు. పాలు పలచనైతే మరీ పాకుతుంది. పుల్ల పైభాగానికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు కుదురుతోంది గానీ, కసిమి కారడం అదుపులోకి రావట్లేదు. ఉన్ని తగ్గించాలా, దారం బిగించాలా? (కసిమి అంటే బెల్లం, తుప్పు ఇనుము పులిసిన నీళ్లే; వాటిని తెల్ల రక్తకణాలు తక్కువున్నప్పుడు ముట్టుకోవచ్చా అన్నది డాక్టరునే అడగాలి లెండి.)

ఇంకొకటి. వంకరపోయిన గీతను దాచకుండా దాన్నే తమ గీతగా మలచుకున్నవాళ్లుంటే, ఏ బొమ్మతో మొదలుపెట్టారు? లతలా, నెమళ్లా? దేవతల ముఖాలు ఇప్పుడే వద్దనిపిస్తోంది.