పాత ఎక్స్‌పీ వర్చువల్ మెషీన్‌ని కొత్త లాప్‌టాప్‌కి మోసుకెళ్లాలా, ఇక వదిలేయాలా?

శుభలేఖల_తెనాలి
మాది డీటీపీ సెంటర్. విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయని మా అబ్బాయి గోల చేసి విండోస్ 11 లాప్‌టాప్ కొనిపించాడు. నేను కార్డులు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు ఉన్నది వర్చువల్‌బాక్స్‌లోని పాత విండోస్ ఎక్స్‌పీలో. అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్, వర్చువల్ మెషీన్. దాని డిస్కు మొత్తం ఉండే వీడీఐ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కలేదు. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అట, ఒక ఫైలు 4 జీబీ దాటితే పట్టదట. ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసి తెచ్చా. ఇక్కడ కొత్త మెషీన్ తయారుచేసి ఆ డిస్కు తగిలిస్తే, ఎక్స్‌పీ లోగో ఒక్క క్షణం కనబడి నీలం తెర. ఎర్రర్ కోడ్ చివర 7బీ. "నాన్నా, ఇంకెన్నాళ్లు మోస్తావ్ దీన్ని" అంటాడు వాడు. మాఘమాసం ముహూర్తాలకి ఐదు పెళ్లికార్డులు చేతిలో ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది.

యూనికోడే_దారి
మీ అబ్బాయి మాటే నాదీ. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే నీళ్లొదిలింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా ఆ ఫైళ్లని తెరిచేది, తర్వాతివి అదీ మానేశాయి. అనులో కొట్టిన 'శ్రీరస్తు'ని ఆ ఫాంటు లేని చోట తెరిచి చూడండి, ఇంగ్లిష్ గుర్తుల గజిబిజి. ఈ నీలం తెరే మంచి ముహూర్తం అనుకుని, ఫాంటు మారినా అక్షరం చెడని యూనికోడ్‌కి మారిపోండి.

పాతకాపు
ఇల్లు కాలి ఆయన ఏడుస్తుంటే మీరు కొత్తింటి ప్లాను గీస్తున్నారు.
అన్నా, 7బీ అంటే ఎక్స్‌పీకి బూట్ డిస్కు అందలేదని. మెషీన్ తయారుచేసేటప్పుడు టైపు దగ్గర విండోస్ 10 అనో 11 అనో వదిలేసి ఉంటారు. డిస్కు కొత్త రకం సాటా కంట్రోలర్ (డిస్కుని మెషీన్‌కి కలిపేది) మీదకు పోయింది, ఎక్స్‌పీలో దానికి డ్రైవర్ లేదు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి పాత రకం ఐడీఈ కంట్రోలర్ పెట్టి, అదే వీడీఐని దానికి తగిలించండి.

శుభలేఖల_తెనాలి
తెరుచుకుంది! కానీ నత్తనడక. కింద మూలన ఆకుపచ్చ తాబేలు బొమ్మ కూడా ఉంది, వెక్కిరిస్తున్నట్టు. అసలు బాధ అది కాదు. డెస్క్‌టాప్ మీద ఫైళ్లన్నీ దసరా నాటివి. కార్తీకంలో చేసినవి ఒక్కటీ లేవు.

పాతకాపు
దసరాకి స్నాప్‌షాట్, అంటే ఆనాటి స్థితిని ఉన్నదున్నట్టు దాచుకోవడం, తీశారా? తీస్తే ఆ తర్వాత చేసిన పనంతా అసలు వీడీఐలో ఉండదు, పక్కన స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లో వేరే ఫైల్లో ఉంటుంది. మీరు తల్లిని తెచ్చి పిల్లని అక్కడే వదిలేశారు. పాత లాప్‌టాప్‌ని దయచేసి ఫార్మాట్ కొట్టకండి. అందులో ఎక్స్‌పీని స్టార్ట్ మెనూ నుంచి పూర్తిగా షట్‌డౌన్ చేయండి. నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆపి దాచే సేవ్ స్టేట్ వద్దు, అది వేరే ప్రాసెసర్ మీద లేవకపోవచ్చు. తర్వాత ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్ కొట్టి ఓవీఏ తీస్తే ఇవాళ్టి స్థితి మొత్తం ఒకే ఫైలుగా వస్తుంది.
తాబేలంటే, వర్చువల్ మెషీన్లని వేగంగా నడిపించే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని విండోస్ ముందే పట్టుకుని కూర్చుంది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్‌ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆపేసి రీస్టార్ట్ చేయండి.

యూనికోడే_దారి
ఇదిగో, ఇదే నేను ఒప్పుకోనిది. మెమరీ ఇంటెగ్రిటీ విండోస్‌కి రక్షణ. ఆయన బ్యాంకు పనులు కూడా ఆ లాప్‌టాప్‌లోనే చేస్తారు కదా. పాత సామాను లోపల పట్టడం లేదని వీధి తలుపు పీకేస్తామా?

పాతకాపు
సరే, ఆ ఒక్క మాట నిజమే. పేజ్‌మేకర్‌కి తాబేలు వేగం చాలు. ఎక్స్‌పీకి నెట్ కూడా అక్కర్లేదు, నెట్‌వర్క్‌లో 'కేబుల్ కనెక్టెడ్' టిక్ తీసేయండి, ఫైళ్లకి షేర్డ్ ఫోల్డర్ ఉంది. కానీ యూనికోడ్‌లోకి మార్చడం మీరు చెప్పినంత తేలిక కాదు.

ప్రూఫులు_చూస్తా
మార్చిన పుస్తకాల ప్రూఫులు నేను చూశాను. వత్తులు పక్క అక్షరం కిందకి పోతాయి. 'క్షేత్రం' అని ఉన్న ప్రతిచోటా ఆగి చూడాల్సిందే. పాతవి పాతచోటే ఉండనిచ్చి కొత్త పని మాత్రం యూనికోడ్‌లో చేసుకోవచ్చుగా. ఇంకోటి, ఎవరైనా ఇంటెల్, ఏఎండీ కాకుండా ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్ కొనబోతుంటే ఆగండి. దాని మీద వర్చువల్‌బాక్స్‌లో ఈ ఎక్స్‌పీ లేవదు.

శుభలేఖల_తెనాలి
ఓవీఏ తెచ్చా, కార్తీకం ఫైళ్లన్నీ దొరికాయి. మెమరీ ఇంటెగ్రిటీ జోలికి పోలేదు, తాబేలుతోనే సర్దుకుంటున్నా. ఒక కార్డు మా అబ్బాయి యూనికోడ్‌లో చేశాడు. పెళ్లికూతురి తండ్రి చూసి "అక్షరం మరీ సన్నగా ఉందండీ, పాతదే వేయండి" అన్నారు.

యూనికోడే_దారి
ఏ ఫాంటు వాడాడు? రామభద్ర వేసి చూపించమనండి, లావుగా ఉంటుంది.