మా వాడిని ఏ గురుకులంలో వేయమంటారు?

మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఎల్‌కేజీ సీటు కోసం తిరిగి తిరిగి విసుగొచ్చి, మా వాడికి రాత్రిపూట చెప్పే కథల్లోని బడులను గాలించడం మొదలుపెట్టాను. సాందీపని ఆశ్రమం బాగుంది, 64 రోజుల్లో 64 విద్యలు. కానీ ఫీజు? సముద్రం పాలైన గురుపుత్రుణ్ణి తెచ్చివ్వాలట. వాయిదాల్లో అయినా మా వల్ల కాదు. ద్రోణుడు పాఠం చెప్పకుండానే బొటనవేలు అడుగుతాడు. ఆ పద్ధతిని ఇక్కడ డొనేషన్ అంటున్నారు. చండామార్కుల దగ్గర క్రమశిక్షణ ఎక్కువ, ఫలితం సున్నా. పైగా తండ్రి బడి సంగతి ఆరా తీస్తే చివరికి స్తంభం పగులుతుంది!

పరమానందయ్యగారి మఠమే సరిపోతుందని మా ఆవిడ అంటోంది. నిన్న వాడు చెప్పులు ఫ్రిజ్‌లో పెట్టాడు లెండి.

మీ పిల్లలను ఎక్కడ వేశారు? ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్‌బోర్డు కూడలి దాటకుండా బస్సు వచ్చే గురుకులం ఏదైనా ఉంటే చెప్పరూ?