లూయీ మాల్ సినిమాలో మాట్లాడని ఆ ముసలావిడ: తెరేజ గీజె నటజీవితం గురించి

రంగాభిలాషి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఇటీవల ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ తీసిన ‘లాకోంబ్, లూసియెన్’ (1974) చూశాను. జర్మన్ సైన్యం ఆక్రమించిన ఫ్రాన్సులో, 1944లో, పారిస్ వదిలి వచ్చి నైరుతి ప్రాంతంలోని ఒక చిన్న పట్టణంలో తలదాచుకున్న యూదు దర్జీ కుటుంబం ఒకటి ఆ కథలో ఉంది. ఆ దర్జీ తల్లిగా వేసిన నటి సినిమా మొత్తం మీద మాట్లాడేది చాలా తక్కువ. పేకముక్కలు పరుచుకుని ఒంటరిగా ఆడుకుంటూ, అధికారం చేతికొచ్చిన గర్వంతో తమ ఇంట్లోకి చొరబడిన పల్లెటూరి కుర్రవాడిని చూస్తూ కూర్చుంటుంది. అయినా ఆమె కనబడిన ప్రతి దృశ్యంలోనూ నా చూపు మిగతావారిని దాటి ఆమె మీదికే పోయింది.

పేరు తెరేజ గీజె అని తెలిసింది. జర్మన్ భాషా రంగస్థలం మీద ఇరవయ్యో శతాబ్దపు మహానటీమణుల్లో ఆమెను ఒకరిగా లెక్కిస్తారనీ, జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్ రాసిన ‘మదర్ కరేజ్’ నాటకంలోని ప్రధాన పాత్రను అందరికంటే ముందు పోషించింది ఆమేననీ చదివి ఆశ్చర్యపోయాను. ఎందుకంటే ఆ పాత్ర పేరు వినగానే ఎవరైనా బ్రెహ్ట్ భార్య హెలెనె వైగెల్ పేరే చెబుతారు. మరి గీజె పేరు ఎలా మరుగున పడింది? అంత గొప్ప నటికి సినిమాల్లో ఇంత చిన్న పాత్రలే ఎందుకు దక్కాయి? ప్రవాసం ఆమె జీవితాన్ని దెబ్బతీసిందా? ఆమె నటజీవితం గురించి తెలిసినవారు కొంచెం వివరంగా చెబితే సంతోషిస్తాను.


తెరవెనుక (సమాధానం):

రంగాభిలాషి గారూ, మీ ప్రశ్నల్లో ప్రవాసానికి సంబంధించిన భాగానికి నేను సమాధానం చెప్పగలను. ‘మదర్ కరేజ్’ సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

ఆమె 1898 మార్చి 6న మ్యూనిక్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. అసలు పేరు తెరేజ గిఫ్ట్. గీజె అన్నది రంగస్థలం కోసం పెట్టుకున్న పేరు. చిన్న పట్టణాల నాటకశాలల్లోనూ, తరువాత బ్రెస్లావ్‌లోనూ పనిచేసి, 1926లో సొంత ఊరిలోని ‘కామర్‌ష్పీలె’ నాటకశాలలో చేరింది. ఆటో ఫాల్కెన్‌బెర్గ్ దర్శకత్వంలో ఆ సంస్థ అప్పట్లో జర్మనీలోని మేటి నాటకశాలల్లో ఒకటిగా వెలుగుతోంది. ఆమె భారీ విగ్రహానికి, బరువైన గొంతుకు, బవేరియా యాసకు నాయిక పాత్రలు అతకవు కనుక, యౌవనంలోనే తల్లులు, గయ్యాళులు, పల్లెటూరి పెద్దమ్మలు ఆమె వంతుకు వచ్చారు. దానికి ఆమె బాధపడినట్టు కనబడదు. ముప్ఫై ఏళ్ల వయసులో అరవై ఏళ్ల ఆడదాన్ని నమ్మించగలిగిన నటికి, ఆ తరువాత వయసు మీద పడటం వల్ల పోయేదేమీ ఉండదు.

1933 జనవరి 1న, జర్మన్ నవలాకారుడు థామస్ మాన్ పిల్లలైన ఎరికా, క్లావుస్‌లతోనూ, సంగీతకారుడు మాగ్నుస్ హెన్నింగ్‌తోనూ కలిసి ఆమె ‘డీ ఫెఫెర్‌ముయ్‌లె’, అంటే ‘మిరియాల తిరగలి’ అనే రాజకీయ వ్యంగ్య ప్రదర్శనల బృందాన్ని ప్రారంభించింది. వేదిక మ్యూనిక్‌లోని ‘బోన్‌బోనియేర్’ అనే చిన్న హాలు. నాజీ పార్టీ సభలకు పేరుపడిన హోఫ్‌బ్రాయ్‌హౌస్‌కు అది కూతవేటు దూరం. మాటలూ పాటలూ ఎక్కువగా ఎరికావే. ఎరికా, గీజె జీవితంలోనూ సహచరులే. నెల తిరక్కుండానే హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు, మార్చిలో గీజె దేశం విడిచిపెట్టవలసి వచ్చింది.

అదే ఏడాది శరదృతువు మొదట్లో జ్యూరిక్‌లో ఆ బృందం మళ్లీ లేచి నిలబడింది. ఎవరి పేరూ ఎత్తకుండా, నీతికథల ముసుగులో నాజీలను ఎగతాళి చేయడం వారి పద్ధతి. గీజె ‘మూర్ఖత్వం’ అనే పాత్రగా వేదిక మీదికి వచ్చి తన గొప్పలు తానే పాడుకునే పాట వారి ప్రదర్శనల్లో పేరు పొందింది. 1934 నవంబరులో స్విస్ ఫాసిస్టులు హాల్లో గొడవకు దిగారు, పోలీసుల రక్షణలో ప్రదర్శనలు నడిచాయి. చివరకు విదేశీయులు రాజకీయ వ్యంగ్యం ప్రదర్శించకుండా జ్యూరిక్ ప్రాంతీయ ప్రభుత్వం నిబంధన తెచ్చింది. స్విట్జర్లండ్‌తో పాటు చెకొస్లొవేకియా, నెదర్లాండ్స్, బెల్జియం, లగ్జెంబర్గ్‌లలో కలిపి వేయికి పైగా ప్రదర్శనలు ఇచ్చిన ఈ బృందం, 1937 జనవరిలో న్యూయార్క్‌లో మాత్రం బోల్తాపడింది. భాషలో నాని ఊరిన వ్యంగ్యాన్ని ఇంగ్లీషులోకి మోసుకువెళ్లడం వారికి సాధ్యపడలేదు. ఎరికా అమెరికాలోనే ఉండిపోయింది. గీజె జ్యూరిక్‌కు తిరిగి వచ్చి ‘షౌష్పీల్‌హౌస్’ నాటకశాలలో చేరింది.

మధ్యలో ఒక పెళ్లి కూడా ఉంది. జర్మన్ పాస్‌పోర్ట్ మీద ఆధారపడలేని పరిస్థితిలో, 1936లో ఆమె జాన్ హ్యాంప్సన్ అనే ఆంగ్ల నవలా రచయితను ఇంగ్లండ్‌లో వివాహం చేసుకుని బ్రిటిష్ పౌరసత్వం పొందింది. హ్యాంప్సన్ స్వలింగ ప్రేమికుడు, కాబట్టి ఇద్దరికీ ఈ ఒప్పందంలో భ్రమలేమీ లేవు. అంతకు ముందు ఏడాదే కవి డబ్ల్యూ. హెచ్. ఆడెన్ ఇదే పద్ధతిలో ఎరికాను పెళ్లాడాడు. గీజెకు ఈ సంబంధం కుదిర్చింది కూడా ఆడెనే.

ప్రవాసం ఆమెను దెబ్బతీసిందా అంటే, నా అభిప్రాయంలో తీసింది. ముప్ఫై అయిదు నుంచి నలభై ఏడు వరకు, ఒక నటి చేయి తిరిగి ఉండే వయసంతా, ఆమె సొంత ప్రేక్షకులకు దూరంగా గడిచింది.


మూడోగంట (సమాధానం):

తెరవెనుక గారి చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను గానీ, ముందు ‘మదర్ కరేజ్’ గురించి చెబుతాను.

బ్రెహ్ట్ ఈ నాటకాన్ని 1939లో స్వీడన్‌లో ప్రవాసంలో ఉండగా రాశాడు. అందులో కరేజ్ కూతురైన మూగపిల్ల కాట్రిన్ పాత్రను, పరభాషా దేశంలో వేదిక దొరకని తన భార్య వైగెల్ ఎక్కడైనా నటించగలిగేలా రాశాడని అంటారు. కానీ యుద్ధకాలంలో ఆ నాటకాన్ని జర్మన్ భాషలో ధైర్యంగా ఆడగలిగిన పెద్ద నాటకశాల జ్యూరిక్ షౌష్పీల్‌హౌస్ ఒక్కటే. అక్కడి బృందంలో సగం మంది జర్మనీ నుంచి, ఆస్ట్రియా నుంచి పారిపోయి వచ్చినవారే. 1941 ఏప్రిల్ 19న లియోపోల్డ్ లింట్‌బెర్గ్ దర్శకత్వంలో, టెయో ఆటో రూపొందించిన రంగాలంకరణతో తొలి ప్రదర్శన జరిగినప్పుడు కరేజ్‌గా సరుకుల బండి లాగింది గీజె. బ్రెహ్ట్ అప్పటికి ఫిన్లండ్‌లో ఉన్నాడు, ఆ ప్రదర్శన చూడలేదు.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. ప్రదర్శన విజయవంతమైంది, పత్రికలు గీజెలో బిడ్డలను పోగొట్టుకున్న గ్రీకు పురాణపు నయోబీని చూశాయి, తల్లిప్రాణి మొండి జీవశక్తిని కీర్తించాయి. బ్రెహ్ట్‌కు ఇది నచ్చలేదు. యుద్ధం మీద బతుకుతూ, దానికి తన పిల్లలనే బలిపెట్టి, చివరి వరకు ఏమీ నేర్చుకోని వ్యాపారిగా ఆమెను ప్రేక్షకుడు చూడాలి తప్ప, ఆమెకోసం ఏడ్చి ఇంటికి వెళ్లకూడదన్నది అతని ఉద్దేశం. అందుకే 1949 బెర్లిన్ ప్రదర్శనకు ముందు కొన్ని దృశ్యాలను కరకుగా మార్చాడు. ఉదాహరణకు, గాయపడిన రైతులకు కట్లు కట్టే అయిదో దృశ్యంలో మొదట కరేజ్ తన సరుకులోని చొక్కాలు తానే ఇస్తుంది; మార్చిన ప్రతిలో ఇవ్వనంటుంది, ఆమె ఒప్పుకోకపోయినా లాక్కోవలసి వస్తుంది.

ఆ మార్పుల కారణంగా గీజె నటన తప్పు అన్నట్టు కొందరు రాస్తారు. అది అన్యాయం. ఆమె తన చేతికి అందిన ప్రతిని ఆడింది. చుట్టూ అన్ని వైపులా నాజీ సైన్యాలు మోహరించిన చిన్న దేశంలో, 1941లో, సొంత ఊళ్లు పోగొట్టుకున్న మనుషులు అటు వేదిక మీదా ఇటు కుర్చీల్లోనూ ఉన్న హాలులో, ఆ పాత్రను చూసి కళ్లు చెమర్చకుండా ఉండమనడం ఏ సిద్ధాంతానికైనా కష్టమే. పైగా బ్రెహ్ట్ ఆమెను పక్కన పెట్టలేదు. 1950లో మ్యూనిక్ కామర్‌ష్పీలెలో స్వయంగా తానే దర్శకత్వం వహిస్తూ కరేజ్ పాత్ర మళ్లీ ఆమెకే ఇచ్చాడు. తొమ్మిదేళ్ల కిందట ప్రశంసలు తెచ్చిపెట్టిన పద్ధతిని విడిచిపెట్టి, బెర్లిన్ నమూనా ప్రకారం ఆ పాత్రను ఆమె కొత్తగా కట్టుకుంది. పేరొచ్చిన వాచికాన్నీ ఆంగికాన్నీ యాభై దాటాక వదులుకోగల నటులు అరుదు.

వైగెల్ పేరు ఎందుకు నిలిచిందంటే, కారణం నటన ఒక్కటే కాదు. 1949 జనవరి 11న బెర్లిన్‌లో మొదలైన ఆమె ప్రదర్శనను దృశ్యం వెంట దృశ్యం ఫొటోలు తీసి, వివరణలతో ఒక నమూనా గ్రంథంగా అచ్చువేశారు. అది 1954లో పారిస్‌కు, 1956లో లండన్‌కు వెళ్లింది. 1961లో సినిమాగా కూడా వచ్చింది. జ్యూరిక్ ప్రదర్శన మాత్రం యుద్ధకాలంలో సరిహద్దులు దాటి ఎక్కడికీ వెళ్లే వీలు లేనిది.

బ్రెహ్ట్, వైగెల్ బెర్లిన్‌లో స్థాపించిన ‘బెర్లినర్ ఆన్సాంబుల్’ నాటక బృందంలో కూడా గీజె తొలి రోజుల నుంచే ఉంది. బ్రెహ్ట్ ‘పుంటిలా’ నాటకంలో దొంగసారా అమ్ముకునే ఎమ్మా పాత్రను 1948లో జ్యూరిక్‌లోనూ, మరుసటి ఏడాది బెర్లిన్‌లోనూ వేసింది. గోర్కీ ‘వస్సా జెలెజ్నోవా’లో ప్రధాన పాత్ర, హౌప్ట్‌మన్ ‘బీవర్ కోటు’లో చాకలి వోల్ఫమ్మ పాత్ర కూడా ఆ రోజుల్లోవే. 1952లో అక్కడే క్లైస్ట్ ‘పగిలిన కూజా’కు దర్శకత్వం వహించింది.


రంగాభిలాషి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయిదో దృశ్యం మార్పు గురించి నాకు తెలియదు. నేను చదివినది బెర్లిన్ ప్రతి అయి ఉండాలి. మూడోగంట గారూ, ప్రవాసం విషయంలో ఏకీభవించలేనన్నారు. ఎందుకో చెప్పగలరా?


మూడోగంట:

ఎందుకంటే జ్యూరిక్ లేకపోతే ఆమెకు ఆ మూడు పాత్రలు లేవు. ఒకటి చెప్పాను. మిగతా రెండూ స్విస్ నాటకకర్త డ్యూరెన్‌మాట్‌వి. ఇంగ్లీషులో ‘ది విజిట్’గా ప్రసిద్ధమైన నాటకం 1956 జనవరి 29న జ్యూరిక్‌లో తొలిసారి ప్రదర్శించినప్పుడు క్లేర్ జకనాసియన్ ఆమే. యౌవనంలో తనను మోసగించిన మనిషి ప్రాణానికి వంద కోట్లు వెలకట్టి, దివాలా తీసిన సొంత ఊరు ఆ బేరానికి ఒప్పుకునే దాకా తాపీగా ఎదురుచూసే ధనవంతురాలి పాత్ర అది. 1962లో ‘భౌతిక శాస్త్రవేత్తలు’ నాటకంలో పిచ్చాసుపత్రి నడిపే గూని డాక్టర్ మాటిల్డె ఫోన్ ౙాండ్ పాత్ర కూడా మొదట ఆమెదే. పురుషుడిగా ఊహించిన ఆ వైద్యుడిని రచయిత గీజె కోసమే స్త్రీగా మార్చాడని చెబుతారు. నాటకాన్ని మాత్రం నిశ్చయంగా ఆమెకే అంకితమిచ్చాడు. కరేజ్, క్లేర్, మాటిల్డె ముగ్గురూ డబ్బు లెక్క తెలిసిన ముదుసళ్లే, కానీ ముగ్గురికీ ఒకే పోలిక లేదు. ఆ శతాబ్దపు జర్మన్ నాటకంలో ఇంత ముఖ్యమైన మూడు స్త్రీ పాత్రలకు తొలి రూపం ఇచ్చిన నటి మరొకరు నాకు తట్టడం లేదు. పోగొట్టుకున్నది ఉన్నమాట నిజమే. కానీ మ్యూనిక్‌లోనే ఉండిపోయే అవకాశం యూదురాలైన ఆమెకు ఎలాగూ లేదు కనుక, నష్టాన్ని దేనితో పోల్చి కొలుస్తాం?


వెండితెర (సమాధానం):

సినిమాల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ఆమె సినిమాల్లో కొత్తగా అడుగుపెట్టింది ముసలితనంలో కాదు. మాక్స్ ఓఫుల్స్ 1932లో తీసిన ‘అమ్ముడైన పెళ్లికూతురు’లోనే ఉంది. తరువాత పన్నెండేళ్లు జర్మన్ స్టూడియోల తలుపులు మూసుకుపోయాయి. అదే కాలంలో దేశంలో ఉండిపోయిన రంగస్థల నటీమణులు చాలామంది సినీతారలయ్యారు. 1945లో లింట్‌బెర్గ్ స్విట్జర్లండ్‌లో తీసిన ‘చివరి అవకాశం’లో, ఇటలీ నుంచి కొండలు దాటి పారిపోయే కాందిశీకుల్లో ఒకరిగా నటించింది. 1950లలో పశ్చిమ జర్మనీ చిత్రాల్లో చాలా వేసింది గానీ, వాటిలో ఎక్కువభాగం మామూలు సినిమాలే. రోమీ ష్నైడర్, లిల్లీ పాల్మర్ నటించిన 1958 నాటి ‘మేట్షెన్ ఇన్ యూనిఫోర్మ్’లో కఠినమైన ప్రధానోపాధ్యాయిని ఆమే, ఆ చిత్రంలో నాకు గుర్తున్నది ఎక్కువగా ఆమె అడుగుల చప్పుడే.

మీరు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఆమె వేదిక మీద ప్రాణం పోసిన పాత్రలు సినిమాగా వచ్చినప్పుడు వేరేవారికి వెళ్లాయి: కరేజ్ వైగెల్‌కు, క్లేర్ 1964లో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు. మాటిల్డె పాత్ర ఒక్కటి మాత్రం అదే 1964లో పశ్చిమ జర్మన్ టెలివిజన్ కోసం తీసిన ‘భౌతిక శాస్త్రవేత్తలు’లో ఆమె చేతే వేయించారు. దొరికితే ముందు అది చూడండి.

లూయీ మాల్ విషయానికొస్తే, ఆయన ఆమెను ‘లాకోంబ్, లూసియెన్’తో ఆపలేదు. ‘బ్లాక్ మూన్’ (1975)లో మంచం దిగని ముసలావిడ పాత్ర ఇచ్చాడు. ఆమె అందులో రేడియో యంత్రంతోనూ, ఒక ఎలుకతోనూ అర్థంకాని భాషలో మాట్లాడుతుంది. ఆ చిత్రం విడుదలకు ముందే, 1975 మార్చి 3న, డెబ్భై ఏడో పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, గీజె మ్యూనిక్‌లో కన్నుమూసింది. మాల్ ఆ చిత్రాన్ని ఆమెకు అంకితమిచ్చాడు. సమాధి మాత్రం జ్యూరిక్‌లోని ఫ్లుంటెర్న్ శ్మశానంలో ఉంది.

మరుగున పడిందన్న మాట కూడా జర్మనీ బయటికే వర్తిస్తుంది. 1988లో పశ్చిమ జర్మనీ తపాలా శాఖ చరిత్రకెక్కిన స్త్రీల వరుసలో ఆమె బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.


తెరవెనుక:

ఒక చేర్పు. 1970లో పశ్చిమ బెర్లిన్‌లో పీటర్ స్టైన్, ఆయన సహచరులు షౌబ్యూనె నాటకశాలను కొత్తగా మొదలుపెట్టినప్పుడు, తొలి ప్రదర్శనకు గోర్కీ నవల ఆధారంగా బ్రెహ్ట్ రాసిన ‘తల్లి’ని ఎంచుకున్నారు. విద్యార్థి ఉద్యమపు వేడిలో, ప్రతి నిర్ణయాన్ని సమష్టిగా చర్చించి తీసుకునే ఆ కుర్రకారు బృందం మధ్య తల్లి పాత్ర పోషించింది డెబ్భై రెండేళ్ల గీజె. బ్రెహ్ట్ కవితలు, పాటలు చదివి వినిపించే ఆమె కార్యక్రమాల రికార్డులు కూడా వచ్చాయి. జర్మన్ రాకపోయినా ఆ గొంతు వినండి. మాల్ ఆమె చేత ఎక్కువ మాట్లాడించకుండా ఎంత వదులుకున్నాడో తెలుస్తుంది.


వెండితెర:

ఆ చివరి మాట నేను ఒప్పుకోను. ఆ గొంతును అణచి ఉంచడంలోనే మాల్ తెలివి ఉంది. అయితే రికార్డుల విషయం నిజమే, తప్పక వినవలసినవి.