“చరవాణులు నిషిద్ధం” అంటే వాచీ కూడానా?

పటమట నుంచి:
మా పాపతో పరీక్ష రాయించడానికి గుంటూరు వెళ్లాం. సెంటరు గేటు మీద “చరవాణులు నిషిద్ధం” అని రాసి ఉంది. ఫోను నా దగ్గరే ఉంచుకుని పాపని పంపాను. లోపల తన స్మార్ట్ వాచీ తీయించి “బోర్డు చూడలేదా?” అని గట్టిగా అడిగారట. పరీక్షకి ముందే పిల్లకి టెన్షన్. చరవాణి అంటే వాచీ కూడానా? అసలు బోర్డుల మీద ఈ మాట రాయొచ్చా?

బ్రాడీపేట నుంచి:
నేను తెలుగు మాస్టారిని. మాటలో తప్పేం లేదండీ. చరాస్తి, స్థిరాస్తి అని దస్తావేజుల్లో రాసుకుంటూనే ఉన్నాం కదా. కదిలేది చరం. ఇక వాణి అంటారా, 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రాన్ని ఆకాశవాణి అనే పిలుచుకుంటున్నాం. అదేమీ పరాయి మాట కాదు. వాడితేనే అలవాటవుతుంది.

గవర్నర్‌పేట నుంచి:
మాస్టారూ, నేను 12 ఏళ్లుగా సెల్ రిపేరు చేస్తున్నాను. “చరవాణి పాడైంది” అంటూ ఒక్కరూ రాలేదు. సెల్లు, ఫోను, టచ్ ఫోను, బటన్ల ఫోను, ఇవే మాటలు. సెల్లు అంటే టార్చిలైటులో వేసే సెల్లే అనుకునే పెద్దవాళ్లూ ఉన్నారు. బ్యాటరీ ఉంది కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంటారు. కాదు. ఊరిని చిన్న చిన్న భాగాలు చేసి, ఒక్కో భాగానికి టవరు సిగ్నల్ అందేలా పెడతారు. ఆ భాగమే సెల్. బెంజి సర్కిల్ దగ్గర బస్సెక్కి మాట్లాడుతూ కృష్ణ మీద వారధి దాటితే, ఫోను ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి మారుతూ పోతుంది. మాట తెగదు. మీరు చెప్పే ‘చర’ ఆ చిన్న మాటలోనే ఉంది.

వాచీ సంగతి వేరు. కొన్నిట్లో సిమ్ ఉంటుంది, కొన్ని బ్లూటూత్‌తో ఫోనుకి తగులుకుని పనిచేస్తాయి. సిమ్ లేని ట్యాబులూ ఉన్నాయి. వీటన్నిటినీ చరవాణి అంటే ఎలా? గాడ్జెట్లు అన్నా అంతే, ఏవేవి అందులోకి వస్తాయో తేలదు. వ్యాసాల్లో చరవాణి రాయండి, సంతోషం. గేటు మీద మాత్రం “ఫోన్లు, ట్యాబులు, స్మార్ట్ వాచీలు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసుకురావద్దు” అని పేరుపేరునా రాయాలి. ఆ బోర్డు నమ్ముకునే కదా పిల్లలు లోపలికి వెళ్లేది.

బ్రాడీపేట నుంచి:
వద్దని చెప్పేటప్పుడు పేర్లు రాయాలన్నది ఒప్పుకుంటున్నాను. చరవాణిని మాత్రం వదులుకోను. మా పిల్లల చేత రాయిస్తూనే ఉంటాను.

పటమట నుంచి:
మీరిద్దరూ రాసింది పాపకి చదివి వినిపించాను. “చరవాణి అంటే ఫోనని నాకు తెలుసు నాన్నా. వాచీ అని ఎక్కడుంది మరి?” అంది.