అమ్మ మణికట్టు విరిగింది: ఒకరు కట్టు చాలన్నారు, ఇంకొకరు ప్లేటు వేయాలన్నారు

ప్రశ్న (రాజమండ్రి నుంచి ఒక కూతురు)

శుక్రవారం పొద్దున కళ్లాపి చల్లిన వాకిట్లో అమ్మ కాలు జారి పడింది. వయసు 63. పడేటప్పుడు కుడి అరచెయ్యి నేలకు ఆనించింది. మణికట్టు వెంటనే వాచిపోయింది. పక్కనుంచి చూస్తే చెయ్యి వంగిన గరిటెలా ఉంది. దగ్గర్లోని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ ఎముక కింది కొస విరిగిందన్నారు. విరిగిన చోట మత్తు సూది వేసి, లాగి సరిచేసి, పిండికట్టు కట్టారు. ఆరు వారాలు ఉంచితే చాలన్నారు. మావయ్య ఊరుకోక ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ ఆపరేషన్ చేసి ఎముకకు లోహపు ప్లేటు వేయకపోతే చెయ్యి వంకరగా ఉండిపోతుందన్నారు. పక్కింటివాళ్లేమో పుత్తూరు కట్టు కట్టించమంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు (ఎముకల శస్త్రవైద్యుడు, ప్రభుత్వాసుపత్రి)

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చమ్మా. ఎవరు ఏ ఫిల్మ్ చూసి చెప్పారన్నదే తేలాలి. లాగకముందు తీసిన ఎక్స్‌రే చూస్తే ఎవరికైనా ప్లేటే గుర్తొస్తుంది. కట్టు వేశాక తీసినదే లెక్కలోకి వస్తుంది.

మీరు గరిటె అన్నది సరిగ్గా సరిపోయింది. మా పాఠ్యపుస్తకాల్లో ఫోర్కు అని ఉంటుంది. చేత్తో అన్నం తినే మనకు గరిటే నయం. ఈ విరుపును డబ్లిన్ సర్జన్ ఏబ్రహాం కోలిస్ 1814లోనే వివరించాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అంటే ఎనభై ఏళ్ల ముందు, రోగి చేతిని చూసి, తడిమి చెప్పిన సంగతి. ఇప్పటికీ దీన్ని కోలిస్ ఫ్రాక్చర్ అనే అంటాం.

ఫిల్మ్‌లో మేం చూసేవి ప్రధానంగా మూడు. రేడియస్ కింది ముఖం మామూలుగా అరచేతి వైపు సుమారు 11 డిగ్రీలు వాలి ఉంటుంది. ఇలా పడినప్పుడు అది వెనక్కి, చేతి పైభాగం వైపు తిరుగుతుంది. రెండోది, ఎముక ఎంత కుంగింది. మూడోది, విరుపు కీలు లోపలికి వెళ్లి అక్కడ మెట్టులా ఎత్తుపల్లం ఏర్పడిందా. లాగి కట్టిన తర్వాత కూడా వెనక్కి 10 డిగ్రీలు, కుంగడం 3 మిల్లీమీటర్లు, మెట్టు 2 మిల్లీమీటర్లు దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. అది కూడా వయసును బట్టి. 65 దాటినవాళ్లలో ఎముక కొంచెం వంకరగా అతికినా, రోజువారీ పనులు చేసుకోవడంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ చేయించుకోనివాళ్లకూ పెద్ద తేడా ఉండదని అధ్యయనాలు చెబుతున్నాయి. మీ అమ్మగారు 63, సరిగ్గా గట్టుమీద ఉన్నారు. అందుకే రెండు మాటలు వినపడుతున్నాయి.

రెండు సంగతులు చెప్పండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయా? ఆ చేతికి గాజులు, ఉంగరాలు ఏమైనా ఉన్నాయా?

అడిగినవారు

కట్టు తర్వాతి ఫిల్మ్ మొదటి ఆసుపత్రిలోనే ఉండిపోయింది, రేపు తెస్తాను. తిమ్మిరి లేదు. మట్టిగాజులు పడినప్పుడే పగిలాయి. బంగారు గాజును ఎక్స్‌రే గదిలో కత్తిరించారు. ఉంగరం ఉంది. వేలు వాచి రావడం లేదని వదిలేశాం.

జవాబు (అదే వైద్యుడు)

ఫిల్మ్ రేపు చూద్దాం, ఉంగరం మాత్రం ఇప్పుడే తీయాలి. వాపు పెరిగేకొద్దీ ఉంగరం వేలికి ఉరితాడవుతుంది. సన్నని గట్టి దారం తీసుకుని ఒక కొసను ఉంగరం కిందనుంచి అరచేతి వైపు దూర్చండి. గోరు వైపున్న దారాన్ని ఉంగరం అంచునుంచి మొదలుపెట్టి, కణుపు దాటేవరకు వరుసకు వరుస ఆనుకునేలా బిగించి చుట్టండి. కాస్త నూనె రాసి, అరచేతి వైపున్న కొసను పట్టుకుని విప్పుకుంటూ రండి. దారం విడుతున్నకొద్దీ ఉంగరం ముందుకు జరుగుతుంది. రాకపోతే కంసాలి దగ్గరికి వెళ్లి కోయించండి, బంగారం ఎక్కడికీ పోదు. వేలు నల్లబడినా, వేళ్లు చాపితే తట్టుకోలేని నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. ఆసుపత్రికి వెళ్లి కట్టు వదులు చేయించండి.

పుత్తూరు సంగతి. ఏ కట్టయినా నాకు తగువు లేదు, కట్టిన తర్వాత లోపల ఎముక ఎక్కడుందో ఎక్స్‌రేలో చూస్తున్నారా లేదా అన్నదే నా ప్రశ్న. కీలు పక్క విరుపును పైనుంచి తడిమి సరిపోయిందని చెప్పడం నాకైతే చేతకాదు. ఒకసారి సరిచేసిన ఎముకను మళ్లీ మళ్లీ కదపడం కూడా మంచిది కాదు.

ఇంకొక సభ్యుడు (హైదరాబాద్)

మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. నాకు 27. బైకు మీదనుంచి పడి ఇలాగే అరచెయ్యి ఆనించాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు, బెణుకు అన్నారు. కట్టు రెండు వారాలు ఉంచుకుని తీసేశాను. ఐదు నెలలైంది. బస్కీలు తీసినా, తలుపు గడియ గట్టిగా తిప్పినా బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోంది.

జవాబు (అదే వైద్యుడు)

మీది వేరే కథ, కానీ ఇక్కడే చెప్పుకోవాల్సిన కథ. బొటనవేలిని వెనక్కి చాపండి. దాని మొదట్లో రెండు నరాల్లా లేచే స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మధ్య చిన్న గుంట కనిపిస్తుంది. నశ్యం వేసుకునేవాళ్లు చిటికెడు అందులో పోసుకునేవారట, అందుకే ఇంగ్లీషులో దానికి నశ్యపు డబ్బా అని పేరు. అక్కడ వేలితో నొక్కితే నొప్పి పుడుతోందా? పుడితే స్కాఫాయిడ్ అనే ఎముకను అనుమానించాలి. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఇదే. ఆకారం పడవలా ఉంటుంది, పేరు కూడా గ్రీకులో పడవ అన్న మాటనుంచే వచ్చింది.

దీనితో చిక్కేమిటంటే విరుపు మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందుకే గుంటలో నొప్పి ఉంటే ఫిల్మ్ బాగున్నా కట్టు వేసి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీస్తాం, లేదా ఎమ్మారై చేయిస్తాం. రెండో చిక్కు రక్తప్రసారం. దీనికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు కొసనుంచి ప్రవేశించి ముంజేతి వైపు వెనక్కి ప్రవహిస్తుంది. ఈ ఎముక నడుములో, అంటే మధ్యభాగంలో విరిగితే వెనక ముక్కకు రక్తం అందక అది అతకకపోవచ్చు, ఎండిపోవచ్చు.

అలాగని అందరికీ స్క్రూ అక్కర్లేదు. నడుములో విరిగి, ముక్కలు 2 మిల్లీమీటర్లకు మించి జరగనివాళ్లను బ్రిటన్‌లో రెండు జట్లుగా చేసి, కొందరికి కట్టు, కొందరికి ఆపరేషన్ చేసి చూశారు. 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత చెయ్యి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందు కట్టు వేసి, అతకనివాళ్లను త్వరగా గుర్తించి స్క్రూ వేయడమే మేలని తేల్చారు. మీరు ఐదు నెలలు దాటారు కాబట్టి సీటీ తీయించి చేతి శస్త్రవైద్యుడికి చూపించండి. అతకలేదని తేలితే, వేరే చోటనుంచి తీసిన ఎముక పెట్టి, తల లేని స్క్రూతో బిగించాల్సి రావచ్చు. ఇంకా ఆలస్యం చేస్తే మణికట్టు అరిగిపోతుంది.

అడిగినవారు (మర్నాడు)

ఉంగరం వచ్చింది, దారంతోనే! కట్టు తర్వాతి ఫిల్మ్‌లో వెనక్కి వాలు 2 డిగ్రీలు, కుంగడం ఏమీ లేదని రాశారు.

జవాబు (అదే వైద్యుడు)

అయితే ఇవాళ కట్టు చాలన్న డాక్టరు మాటే సరి. ఇవాళ అంటున్నాను. ఈ వయసులో ఎముక గుల్లబారి ఉంటుంది, వాపు తగ్గేసరికి కట్టు వదులవుతుంది, సరిచేసిన ఎముక నెమ్మదిగా జారుతుంది. వారానికొకటి, మూడు వారాలపాటు ఫిల్మ్ తీయించండి. ఆరు వారాల తర్వాత రండి అని పంపేస్తే మీరే అడిగి తీయించుకోండి. మూడు వారాలు దాటితే ఎముక ఉన్నచోటే గట్టిపడుతుంది, అప్పుడు సరిచేయడం పెద్ద పని.

ఇది ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను. నిలబడిన ఎత్తునుంచి పడితేనే ఎముక విరిగిందంటే డెక్సా స్కాన్ చేయించి ఎముక సాంద్రత చూడాలి. డి విటమిన్ కూడా చూడాలి. ఈసారి మణికట్టు, వచ్చేసారి తుంటి కాకూడదు.

అడిగినవారు (పదో రోజు)

జారింది. 16 డిగ్రీలు వెనక్కి, 4 మిల్లీమీటర్లు కుంగింది. ప్లేటు వేస్తామంటున్నారు. వైర్లతో కుదరదా?

జవాబు (అదే వైద్యుడు)

కుదరవచ్చు. బయటనుంచి లాగితే సరిపడే విరుపులకు వైర్లు (చర్మం మీదనుంచి ఎముకలోకి గుచ్చే సన్నని లోహపు తీగలు), ప్లేట్లు పోల్చి బ్రిటన్‌లోనే 461 మంది మీద పరీక్షించారు. ఏడాది తర్వాత చెయ్యి పనితీరు రెండింటికీ ఒకటే, ఖర్చు మాత్రం ప్లేటుకు ఎక్కువ. అయితే గుల్ల ఎముకలో ఒకసారి జారిన విరుపును పది రోజుల తర్వాత వైరు నిలబెడుతుందని నాకు నమ్మకం తక్కువ. వైరు వేస్తే పైన మళ్లీ కొన్ని వారాలు కట్టు కూడా ఉంటుంది. మీ అమ్మగారికి నేనైతే ప్లేటే వేస్తాను. అది అరచేతి వైపునుంచి, నాడి చూసే చోటు పక్కన కోసి వేస్తారు. స్క్రూ తలలు ప్లేటు రంధ్రాల్లోనే మరల్లా బిగుసుకుంటాయి కాబట్టి ఎముక బలహీనంగా ఉన్నా పట్టు నిలుస్తుంది. సాధారణంగా చెయ్యి వరకు మత్తు చాలు. ఆపరేషన్ అయిన రోజునుంచే వేళ్లు ఆడించాలి. బిగుసుకుపోయిన వేళ్లను వదులు చేయడం విరిగిన ఎముకను అతికించడం కన్నా కష్టం. తర్వాతి నెలల్లో ఎప్పుడైనా బొటనవేలు హఠాత్తుగా పైకి లేవకపోతే స్నాయువు తెగిందేమో చూపించాలి. కట్టుతో నయమైనవాళ్లలో కూడా ఇది జరుగుతుంది.

అడిగినవారు

ఆపరేషన్ బుధవారం. అమ్మ ఒకటి అడగమంది. దసరాకు రెండు నెలలుంది, జంతికల గొట్టం తిప్పవచ్చా?

జవాబు (అదే వైద్యుడు)

అన్నం కలుపుకోవడం, జడ వేసుకోవడం అప్పటికి వచ్చేస్తాయి. గొట్టం తిప్పడానికి ముంజేయి మెలితిప్పే బలం కావాలి, అది అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. మూడు నెలలు పట్టవచ్చు. ఈ దసరాకు పిండి, వాము పాళ్లు ఆవిడ చూసుకుంటారు, గొట్టం మీరు తిప్పండి.